ఫోన్లో, వీడియోలో మానసిక వైద్యం: రోగి సమ్మతి పద్ధతిగా తీసుకోవడం ఎలా?

భీమవరంలోనో అమలాపురంలోనో క్లినిక్ నడిపే సైకియాట్రిస్టులు, ఫోన్లో కౌన్సెలింగ్ చేసేవాళ్లు, విలేజ్ క్లినిక్‌లో పేషెంటును కూర్చోబెట్టి వీడియోలో డాక్టరుకు కలిపే సీహెచ్ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) తరచూ అడిగే ప్రశ్నలు మూడు. వాట్సాప్‌లో ‘ఓకే’ అని పెడితే చాలా? భర్తే మాట్లాడిస్తున్నాడు, ఆయన ఒప్పుకుంటే సరిపోతుందా? పేషెంటుకు చదువు రాదు, సంతకం ఎలా?

మొదటిదానికి జవాబు: ఒక్క ‘ఓకే’ చాలదు, దాని ముందు మీరు ఏం చెప్పారో రికార్డులో ఉండాలి. రెండోదానికి: సరిపోదు. మూడోదానికి: సంతకం అక్కర్లేదు, నోటిమాట చాలు. ఆ మాటను మీరు రాసిపెట్టుకోవాలి.

ఫారం బాగాలేక సమ్మతి చెడిన సందర్భాలు తక్కువే. ఫోను ఎవరిది, గదిలో ఎవరున్నారు అన్న దగ్గరే అది చెడుతుంది. కాబట్టి ఆ రెండింటికీ ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

1. కాల్ మొదలుపెట్టింది ఎవరో చూడండి

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం పేషెంటే స్వయంగా డాక్టరుకు కాల్ చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. డాక్టరుగానీ, ఆరోగ్య కార్యకర్తగానీ, ఇంట్లోవాళ్లుగానీ కాల్ మొదలుపెడితే మాత్రం పేషెంటు నోటితోనో రాతతోనో స్పష్టంగా ఒప్పుకోవాలి. మెసేజ్, ఈమెయిల్, ఆడియో, వీడియో, ఫోన్లో చెప్పిన మాట, ఏదైనా చెల్లుతుంది. డాక్టరు దాన్ని పేషెంటు రికార్డులో నమోదు చేయాలి.

మానసిక వైద్యంలో ఈ తేడా మీద ఆధారపడకండి. ఎవరు కాల్ చేసినా స్పష్టమైన సమ్మతే తీసుకోండి. ‘మా అమ్మాయి మాట్లాడుతుందండి’ అని తండ్రి ఫోను చేతికిస్తే, చట్టం లెక్కలో మొదలుపెట్టింది తండ్రి, పేషెంటు కాదు.

ఈ మార్గదర్శకాలు రిజిస్టర్డ్ డాక్టర్ల కోసం రాసినవి. క్లినికల్ సైకాలజిస్టులు, కౌన్సెలర్లు కూడా ఇదే క్రమం పాటిస్తే నష్టమేమీ లేదు, రక్షణ ఉంది.

ఇంకో సంగతి. కోనసీమ నుంచి కువైట్, ఖతార్ వెళ్లినవాళ్లు అక్కడినుంచే ‘మన డాక్టరుగారితో మాట్లాడతాం’ అంటుంటారు. దేశం బయటి సంప్రదింపులు ఈ మార్గదర్శకాల పరిధిలోకి రావు. ఎంత చక్కగా సమ్మతి తీసుకున్నా ఆ లోటు పూడదు. అక్కడి వైద్యాన్నే చూపించుకోమని చెప్పండి, సెలవుకు వచ్చినప్పుడు నేరుగా చూడండి.

2. ముందురోజే సిద్ధం చేసుకోవాల్సినవి

సమ్మతి పత్రం ఒక్క పేజీ దాటకూడదు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఇంట్లో మాట్లాడుకునే వాక్యాల్లో రాయండి. చదవలేనివాళ్ల కోసం అదే విషయాన్ని రెండు నిమిషాల ఆడియోగా చేసి పెట్టుకోండి. అయితే పత్రాన్ని పంపే ముందు, ‘ఈ నంబరుకు పంపితే ఇంకెవరైనా చూస్తారా?’ అని కాల్‌లో అడగండి. అడగకుండా పంపిన పత్రమే గుట్టు రట్టు చేస్తుంది.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు అడిగి రాసుకోవాల్సినవి:

- ఫోను ఎవరిది? సిమ్ ఎవరి పేరు మీద ఉంది?
- ఆ వాట్సాప్ ఇంకో ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరిచి ఉందా? ‘లింక్డ్ డివైసెస్’లో చూడమనండి.
- కాల్స్ వాటంతటవే రికార్డయ్యే యాప్ ఉందా?
- కాల్ తెగితే ఏ నంబరుకు చేయాలి? ఎవరు తీస్తారు? తీస్తే ‘ఎవరు మాట్లాడుతున్నారు’ అని చెప్పాలి?
- కాల్ సమయానికి పేషెంటు సరిగ్గా ఎక్కడుంటారు? ఊరు, వీధి, గుర్తు.
- పది, పదిహేను నిమిషాల్లో చేరుకోగల మనిషి ఎవరు? మస్కట్‌లో ఉన్న అన్నయ్య నంబరు ఇందుకు పనికిరాదు.
- దగ్గరి పీహెచ్‌సీ, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి.

చిరునామా విషయంలో బద్ధకించకండి. లంక గ్రామమైతే ఏ రేవు, పడవా పంటా (బండ్లనూ దాటించే బల్లకట్టు), చీకటి పడ్డాక దాటే వీలుందా అన్నది కూడా రాయాలి. వరదల కాలంలో సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు ఆగిపోతుంది. కాజ్‌వేలు మునుగుతాయి, కరెంటు పోతుంది, సెల్ టవర్లూ పడకేస్తాయి. కాబట్టి జులై నుంచి సెప్టెంబరు వరకు ‘మందులు కనీసం రెండు వారాలకు ముందే తెచ్చిపెట్టుకోవడం, వీడియో రాకపోతే మామూలు కాల్’ అన్న రెండో దారిని సమ్మతిలోనే కలపండి. ఆత్మహత్య ప్రమాదం ఉన్నవారైతే ఆ నిల్వ మందులు వేరొకరి దగ్గర ఉంచే ఏర్పాటు చేయాలి.

యానాం పేషెంటు అయితే పుదుచ్చేరి పరిధి. పక్క వీధి ఆంధ్రాలో ఉన్నా, ఆంబులెన్సు, ఆసుపత్రి వివరాలు విడిగా కనుక్కుని రాసుకోండి.

3. గదిలో ఎవరున్నారు?

మొత్తం పనిలో కష్టమైన మెట్టు ఇదే.

డెల్టా ఇళ్లలో ఫోను మాట్లాడటమంటే అరుగు మీదో హాల్లోనో, నలుగురి మధ్యే. అత్తగారు మంచం మీద, పిల్లలు టీవీ ముందు, పక్కింటావిడ గుమ్మంలో. అక్కడ కూర్చున్న కోడలు ‘మీకిష్టమేనా అమ్మా?’ అంటే ‘ఆయ్, ఇష్టమేనండి’ అనే అంటుంది. అది మర్యాద. దాన్ని సమ్మతిగా రాసుకోకూడదు.

క్రమం ఇలా పాటించండి:

ఒకటి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి. ఇయర్‌ఫోన్స్ వల్ల మీ ప్రశ్నలు బయటికి వినబడవు గానీ పేషెంటు జవాబులు వినబడతాయి.

రెండు, వీడియో అయితే ఫోను నెమ్మదిగా గదంతా తిప్పి చూపించమనండి. తలుపు, కిటికీ కూడా కనబడాలి. సీహెచ్ఓ కూర్చోబెట్టిన చోటైతే తలుపు దగ్గరికి వేసి సీహెచ్ఓ, ఆశ కార్యకర్త బయటికి వెళ్లాలి. వాళ్లది అదే ఊరు, అదే వీధి. వాళ్లు ఎంత మంచివాళ్లైనా పేషెంటు దృష్టిలో ఊరివాళ్లే.

మూడు, మొదటి ప్రశ్నలు అవును, కాదులతో ముగిసేలా అడగండి. ‘ఇప్పుడు మీ మాటలు ఎవరికైనా వినబడుతున్నాయా?’ ‘ఈ టైము మీకు వీలేనా?’ ‘వేరే టైముకు మార్చమంటారా?’ పక్కన ఎవరో నిలబడి ఉన్నా ఈ మాత్రం జవాబు చెప్పగలరు.

నాలుగు, ఒక గుర్తుమాట కుదుర్చుకోండి. ‘బియ్యం నానబెట్టాలండి’ అంటే ఎవరో వచ్చారు, మాట మార్చండి అని అర్థం. ఆ మాట వినగానే మీరు నిద్ర గురించో భోజనం గురించో మాట్లాడి, ఐదు నిమిషాల్లో మళ్లీ చేస్తానని పెట్టేయాలి. మాట ఇంట్లో రోజూ వినబడేదై ఉండాలి, లేకపోతే అనుమానం వస్తుంది.

ఐదు, కనీసం ఐదు నిమిషాలు పేషెంటు ఒక్కరితోనే మాట్లాడాకే సమ్మతి అడగండి. ఇంట్లోవాళ్లను తర్వాత కలుపుకోవచ్చు, చాలాసార్లు కలుపుకోవాలి కూడా. మందు వేయించేదీ, ఆసుపత్రికి తీసుకొచ్చేదీ వాళ్లే. అయితే ఎవరిని కలపాలి, వాళ్లకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది పేషెంటు ముందే తేల్చాలి. గల్ఫ్‌లో ఉన్న భర్తను కాన్ఫరెన్సులో కలపమంటే అప్పటికప్పుడు కలపకండి, ఆవిడను విడిగా అడగండి.

‘మా దగ్గర దాపరికాలేం లేవండీ, మా ముందే అడగండి’ అని పెద్దలు పట్టుబడితే వాదన పెట్టుకోకండి. ‘అందరికీ ఇదే పద్ధతండి, పది నిమిషాలు విడిగా మాట్లాడి మళ్లీ మీతో మాట్లాడతాను’ అనండి. రూలు మీద నెపం పెడితే పేషెంటు మీద నింద పడదు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ రోజుకు మామూలు యోగక్షేమాలతో ఆపి, నేరుగా క్లినిక్‌కు రమ్మనండి.

ఇంట్లో ఏకాంతం దొరకని చోట పనికొచ్చే స్థలాలు: విలేజ్ క్లినిక్ గది, స్నేహితురాలి ఇల్లు, ఆగి ఉన్న కారు. రొయ్యల చెరువుల కాపలాదారులకు మధ్యాహ్నం మేత వేశాక గట్టు మీది షెడ్డు బాగానే ఉంటుంది. ఏరేటర్ల (నీటికి గాలి పట్టించే మరల) హోరులో మాట వినబడదు, కాబట్టి అవి ఆగిన టైము అడగండి.

4. ఇద్దరూ ఎవరో తేలాలి

డాక్టరు పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. పేషెంటు పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు అడగాలి. వయసు అనుమానంగా ఉంటే రుజువు అడగండి.

18 ఏళ్లలోపు వారైతే పక్కన పెద్దవారు ఉండాలి, ఆ పెద్దవారెవరో కూడా నిర్ధారించుకోవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మైనరుకు చట్టబద్ధ సంరక్షకులే ప్రతినిధి (చికిత్స నిర్ణయాల్లో పేషెంటు తరఫున సాయపడేవారు). అయినా పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పి, వాడికీ ఇష్టమేనా అని అడగండి. హాస్టల్ వార్డెనో ట్యూషన్ మాస్టారో సంరక్షకులు కారు.

5. సమ్మతి అడిగే ముందు చెప్పాల్సినవి

అదే చట్టం సమ్మతికి పెట్టిన షరతులు గట్టివే. బలవంతం, ఒత్తిడి, మోసం, బెదిరింపు, పొరపాటు ఉండకూడదు. లాభనష్టాలు, వేరే మార్గాలు పేషెంటుకు తెలిసిన భాషలో, తెలిసే తీరులో చెప్పి ఉండాలి. ఫలానా చికిత్సకు అని విడిగా ఉండాలి. అందుకే ‘అన్నిటికీ ఒప్పుకుంటున్నాను’ అన్న వాక్యాన్ని మీ ఫారంలోంచి కొట్టేయండి.

చెప్పాల్సిన వరుస:

- ఇది ఏమిటి: మందుల సంప్రదింపా, కౌన్సెలింగా, ఎంతసేపు, ఫీజు ఎంత, మధ్యలో తెగిపోతే ఫీజు సంగతేమిటి.
- దూరం నుంచి కుదరనివి: బీపీ, బరువు, చేతుల వణుకు, నడకలో బిగుతు సరిగ్గా తెలియవు. మద్యం వాసన తెలియదు.
- వేరే మార్గాలు: నేరుగా రావడం, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి, 14416 టెలి మానస్ ఉచిత సేవ.
- మందుల పరిమితి (కింద చూడండి).
- గుట్టు ఎంతవరకు: ఎక్కడ దాచడం కుదరదో ముందే చెప్పాలి.
- రికార్డింగ్: రెండు పక్కలా అడగకుండా చేయకూడదు.
- మానేసే హక్కు: ఎప్పుడైనా వద్దనవచ్చు, దానివల్ల క్లినిక్‌లో చూడటం ఆగదు.

మందుల సంగతి విడమరిచి చెప్పకపోతే తర్వాత గొడవ. మొదటి సంప్రదింపు మామూలు కాల్‌లోనో మెసేజ్‌లోనో అయితే చీటీ లేకుండా కొనగలిగే రకం మందులే రాయడం కుదురుతుంది. మొదటిది వీడియో అయితే మార్గదర్శకాల్లోని జాబితా-ఏ మందులు, నేరుగా చూశాక అదే జబ్బుకు ఫాలోఅప్ అయితే అదనంగా జాబితా-బి మందులు కూడా రాయొచ్చు. నేరుగా చూసి 6 నెలలు దాటితే అది ఫాలోఅప్ కాదు, మళ్లీ మొదటి సంప్రదింపే. షెడ్యూల్-ఎక్స్ (గట్టి నియంత్రణ ఉన్న) మందులు, కొన్ని మినహాయింపులు తప్ప మత్తుపదార్థాల చట్టం కిందివి దూరం నుంచి రాయరాదు. ‘నిద్రమాత్రల కోసమే చేశానండి’ అనేవాళ్లకు ఈ ముక్క ఫీజు కట్టకముందే చెప్పాలి.

మందు మారినప్పుడు నష్టాలు చెప్పడం మళ్లీ మొదలవుతుంది. లిథియం (మూడ్ మార్పులకు ఇచ్చే మందు) అయితే రక్తపరీక్షలు తప్పవు, ఏ పట్నంలో ఏ ల్యాబుకు వెళ్లాలో తేలాకే ఒప్పుకోలు. వాల్‌ప్రోయేట్ (ఇదీ అలాంటి మందే) అయితే గర్భంలో బిడ్డకు హాని చేసే ప్రమాదం ఉంది. పెళ్లీడు అమ్మాయిని ‘గర్భం వచ్చే అవకాశం ఉందా?’ అని అడగకుండా అది మొదలుపెట్టలేం, తల్లిదండ్రుల ముందు ఆ ప్రశ్నకు నిజం రాదు. మూడో మెట్టును (గదిలో ఎవరున్నారో చూడటాన్ని) దాటేసినవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

గుట్టు గురించి మాట ఇలా ఉంటే చాలు: ‘మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పను. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం అనిపించినా, కోర్టు అడిగినా, చిన్నపిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా మాత్రం చెప్పాల్సి వస్తుంది.’ చివరిది పోక్సో చట్టం పెట్టిన బాధ్యత. దాన్ని ముందు చెప్పకుండా, విషయం బయటపడ్డాక చెబితే పేషెంటుకు అది నమ్మకద్రోహంగానే తోస్తుంది.

6. ‘అర్థమైందా?’ అని అడగకండి, తిరిగి చెప్పించండి

‘అర్థమైందా?’ అంటే అందరూ అర్థమైందనే అంటారు. బదులుగా: ‘అమ్మా, ఇప్పుడు నేను చెప్పింది మీ చెల్లెలికి చెప్పాలంటే ఎలా చెబుతారు?’ ‘బాబాయిగారూ, కాల్ మధ్యలో తెగితే ఏం చేద్దామనుకున్నాం?’ ‘ఈ మందు వద్దనుకుంటే మనకున్న ఇంకో దారేమిటి?’

నిర్ణయం తీసుకునే శక్తికి చట్టం చూసేవి ఇవి: చెప్పింది అర్థం చేసుకోగలరా, తమ నిర్ణయం వల్ల ఏం జరగవచ్చో గ్రహించగలరా, నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో మరెలాగైనా తెలపగలరా. జబ్బు పేరు చూసి శక్తి లేదనుకోకూడదు. మీకు నచ్చని నిర్ణయం తీసుకున్నంత మాత్రాన కూడా శక్తి లేనట్టు కాదు. ‘మాత్రలు వద్దు, మాటలే చాలు’ అనే హక్కు స్కిజోఫ్రెనియా ఉన్నవారికీ ఉంది.

తిరిగి చెప్పలేకపోతే చిన్న ముక్కలుగా మళ్లీ చెప్పండి. మద్యం తాగి ఉన్నా, మందు మత్తులో ఉన్నా సమ్మతి వాయిదా వేయండి. మర్నాడు ఉదయం పది గంటలకు అడిగితే వేరే మనిషిలా మాట్లాడతారు. రెండుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఫోను వదిలేసి నేరుగా చూడాల్సిన కేసని అర్థం.

పేషెంటు ముందే ఎవరినైనా ప్రతినిధిగా పెట్టుకున్నారేమో అడగండి. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. బాగున్నప్పుడే ఈ పని చేయించండి. అప్పులిచ్చిన బంధువును ప్రతినిధిగా పెట్టమని ఇంట్లోవాళ్లు తొందరపెడుతుంటే కాస్త ఆగి, పేషెంటును విడిగా అడగండి.

7. రికార్డు

పేషెంటు చెప్పాల్సింది ఒక్క వాక్యం: ‘వీడియోలో డాక్టరుగారితో మాట్లాడి వైద్యం తీసుకోవడం నాకిష్టమే, లాభనష్టాలు చెప్పారు, ఎప్పుడైనా మానేయొచ్చని తెలుసు.’ మీరు చెప్పించి వల్లె వేయించకండి, వాళ్ల మాటల్లోనే రానివ్వండి.

తర్వాత మీ నోట్సులో:

తేదీ ___, టైము ___. వీడియో / కాల్. మొదలుపెట్టింది ___. గదిలో పేషెంటు ఒక్కరే, కెమెరా తిప్పి చూపారు. ఉన్న చోటు ___. చెప్పినవి: పరిమితులు, వేరే మార్గాలు, గుట్టు హద్దులు, రికార్డింగ్ లేదు. తిరిగి చెప్పింది, వారి మాటల్లోనే: ‘___’. ఒప్పుకున్నది ___కు. ఒప్పుకోనిది ___. ఎవరికి చెప్పొచ్చు ___. అత్యవసర మనిషి ___.

‘ఒప్పుకోనిది’ అన్న గడి ఖాళీగా వదలకండి. అక్కడ ఏదో ఒకటి రాసి ఉన్న నోట్సు, పేషెంటును నిజంగా అడిగారనడానికి గుర్తు.

సమ్మతి మెసేజ్‌ను ఫైల్లో ఎక్కించి, సొంత ఫోను గ్యాలరీలోంచి తీసేయండి. క్లినిక్ సిబ్బంది గ్రూపులో పేషెంటు పేరు, ఫోటో పెట్టడం మానిపించండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రికార్డులు కనీసం 3 ఏళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

8. ప్రాణాపాయం ఉన్నప్పుడు

కాల్ మధ్యలో ఆత్మహత్య మాట వస్తే ఫారం పక్కన పెట్టండి. లైన్ కట్ చేయకుండా ఇంకో ఫోన్లోంచి సిబ్బంది చేత అత్యవసర మనిషికీ, 108కీ చేయించండి. ఎక్కడున్నారో మళ్లీ అడిగి నిర్ధారించుకోండి. ఇంట్లోవాళ్లకు ప్రాణం కాపాడటానికి అవసరమైనంతే చెప్పండి: వెంటనే పక్కన ఉండమని, పురుగుమందు డబ్బాలు, మాత్రలు అందకుండా తీసేయమని. ఎందుకు ఇలా అయిందన్న కథ చెప్పక్కర్లేదు. ‘పోలీసు కేసవుతుందేమో’ అన్న భయంతో దాస్తారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోందని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

9. తరచూ జరిగే పొరపాట్లు

*ఫారం ముందే పంపి, సంతకం ఫోటో తెప్పించుకుని నేరుగా వైద్యంలోకి దిగడం.* సంతకం కోడలిది, చేతిరాత కొడుకుది అవుతుంది. కాల్‌లో మళ్లీ నోటితో అడగండి.

*రిసెప్షన్‌లో సమ్మతి తీసుకోవడం.* అపాయింట్‌మెంటు సిబ్బంది ఇవ్వొచ్చు. లాభనష్టాలు చెప్పాల్సింది చికిత్స చేసేవారే.

*వీడియో ఆగి మామూలు కాల్‌లోకి మారిపోవడం.* పక్కన ఎవరున్నారో ఇక కనబడదు. మారగానే ఏకాంతం గురించి మళ్లీ అడిగి, నోట్సులో ఒక గీత రాయండి.

*ఒకసారి తీసుకున్నదే ఏళ్ల తరబడి వాడుకోవడం.* మందు మారినా, కొత్త కౌన్సెలర్ వచ్చినా, ఇంట్లోవాళ్లు కలిసినా, పేషెంటు ఊరు మారినా, రికార్డింగ్ కావాలన్నా మళ్లీ అడగాలి. మిగతా కాల్స్‌లో ‘ఈరోజు కూడా ఇలాగే మాట్లాడుకుందామా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

10. పేషెంటు ‘ఇక వద్దండి’ అంటే

ఒప్పుకోవడం ఎంత తేలికో మానేయడమూ అంతే తేలిగ్గా ఉండాలి. కారణం చెప్పమని పట్టుబట్టకండి. అదేరోజు చేయాల్సినవి: చివరి మందుల చీటీ నకలు ఇవ్వడం, ఏ మందు ఒక్కసారిగా ఆపకూడదో, ఎలా తగ్గించాలో చెప్పడం, నేరుగా చూపించుకోగల చోటు పేరు, 14416 నంబరు రాసివ్వడం. ఆ చీటీ వాట్సాప్‌లో పంపే ముందు, ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో మళ్లీ అడగండి.